పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్

మా ఇంట్లో ముక్కు మీద కోపం నాది, మొండితనం మా ఆయనది. ఆయనవి రెండు పై పళ్ళు ఏడాదిగా ఊగుతున్నాయి. పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకోండి మహాప్రభో అని నేను మొత్తుకోని రోజు లేదు. "చూద్దాంలే" అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే! నిజానికి చెవుడు కూడా ఉంది. చెవి లోపలి ఎముక బిగుసుకుపోయి గాలిలో వచ్చే చప్పుడు లోపలికి పోవట్లేదని, నరం మాత్రం బాగానే ఉందని చెవి డాక్టరు చెప్పాడు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన టీవీ సౌండు పెంచీ పెంచీ నా చెవులు కూడా పోయేలా ఉన్నాయి.

తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఆయనా మా తమ్ముడూ కలిసి కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నారు. ఇంజన్ చప్పుడు వినలేని మెకానిక్‌ని ఎవరు నమ్ముతారు? పానా పక్కన పెట్టి కౌంటర్లో కూర్చోమంటారు. అలా కూర్చోబెడితే మా ఆయన నాకు దక్కడు. జ్వరమొచ్చి మంచమెక్కితే, ఆ మంచం బోల్టులు బిగించి గానీ పడుకోని మనిషి!

ఆ రోజు నేనే పళ్ళ డాక్టరు దగ్గర టైము తీసుకుని, ఆయన్ని లాక్కుపోదామని షెడ్డుకు వెళ్ళాను. అక్కడ ఒక టాక్సీ బానెట్ ఎత్తి ఉంది. లోపల ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఒకటే టకటక. వాల్వులను తోసే టాపెట్ల చప్పుడది. వాటి కడుపులో ఆయిల్ నిండుగా ఉంటే కిక్కురుమనవు. దారిలో మడ్డి అడ్డం పడిందా, ఇక గోలే. మా తమ్ముడు ఆయిల్ మార్చాడు, అంచనా మీద ఒక టాపెట్ కూడా మార్చాడు. చప్పుడు మాత్రం తగ్గలేదు.

"బావా, నీకు సరిగ్గా వినపడట్లేదని నాకు అనుమానం," అని అరిచాడు తమ్ముడు. "ఏది మోగుతోందో చూపించు. చూపించలేకపోతే రేపట్నుంచి కౌంటర్లో కూర్చో."

నేను కంగారుగా ఆయన వంక చూశాను. ఆయన మాత్రం నవ్వాడు. "అలాగేరా. చూపిస్తే మరి నువ్వు కూర్చుంటావా?"

పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. ఎవరైనా దాని పిడిని చెవికి ఆనించుకుని వింటారు. ఈయన తమ్ముడి వైపు వీపు తిప్పి, మొనను ఇంజన్ కవరు మీద ఆనించి, పిడిని ఊగే ఆ పళ్ళతోనే కరిచిపట్టాడు! కళ్ళు మూసుకున్నాడు. మొనను ఒక్కో చోటికీ జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగిపోయాడు. మొహం వెలిగిపోయింది. ఏడాదిగా ఆ "చూద్దాంలే" ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఇదిరా," అని సుద్దముక్కతో గుర్తు పెట్టాడు.

ఇంజన్ పైభాగం విప్పి ఆ టాపెట్‌ని బయటకు తీశారు. నిండుగా ఆయిల్ ఉంటే దిగకూడదు, అది వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది. "అదే బావా!" అన్నాడు తమ్ముడు నోరు వెళ్ళబెట్టి. దాన్ని కిరసనాయిల్లో కడిగి, ఆయిల్లో ముంచి, గాలి బుడగలు పోయేదాకా నొక్కి నొక్కి నింపి, మళ్ళీ బిగించారు. బండి స్టార్ట్ చేశారు. కాసేపు టకటకలాడింది. తర్వాత సద్దుమణిగింది.

అది ఆయనకు తెలియలేదు. నా మొహం వంక చూశాడు. నేను తల ఊపాను. అప్పుడు ఛాతీ విరుచుకుని, "ఒరేయ్, పోయి కౌంటర్లో కుర్చీ తుడుచుకో!" అని గట్టిగా అరిచాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పళ్ళ డాక్టరు ఇచ్చిన టైము ఎప్పుడో దాటిపోయింది. బయటికొచ్చి ఫోన్ చేశాను.

"రేపు వస్తామండీ. కానీ పీకొద్దు. ఎలాగైనా కదలకుండా బిగించండి."

"అవి నమలడానికి పనికిరావమ్మా," అన్నాడు డాక్టరు.

"నమలడానికి కాదండీ," అన్నాను తమ్ముడికి వినపడకుండా గొంతు తగ్గించి. "మా ఆయన వాటితోనే వింటాడు."