కడిగితే పోయే ఇంకు

మా బడిలో డ్రాయింగ్ టీచర్ని నేనొక్కదాన్నే. మా ఆయన పోయాక కొన్నాళ్ళు సెలవు పెట్టి మళ్ళీ చేరగానే హెడ్ మిస్ పిలిచి, పిల్లలకు చేత్తో అచ్చు వేయడం నేర్పించమన్నారు. మెషిన్ అక్కర్లేదు, బ్లాకు చెక్కే పని లేదు. ప్లాస్టిక్ పలక మీద ఇంకు పలుచగా పూసి, ఆకో గుడ్డముక్కో దాని మీద ఒత్తి తీసేసి, ఆపైన కాగితం పరిచి అరచేత్తో రుద్దితే ఒక్క బొమ్మ వస్తుంది. ఇంకో కాగితం పరిస్తే వచ్చేది వెలిసిపోయిన మరక. ఏ ఇంకు కొనాలో, ఏ కాగితం మేలో నన్నే చూసి చెప్పమన్నారు. నన్ను ఏదో ఒక పనిలో పడేయాలన్న దయ అది. నామీద ఎవరైనా దయ చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా సరేనన్నాను.

పెళ్ళి పత్రికలు అచ్చు వేసే ప్రెస్సులో అడిగితే డబ్బా అడుగున మిగిలిన నల్ల ఇంకు ఇచ్చారు. నూనె ఇంకు. గుడ్డ వేస్తే ఒక్కో దారప్పోగూ అచ్చుపడుతుంది గానీ, చేతికి అంటితే కిరోసిన్‌తో తోముకున్నా గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. గుడ్డకు అంటితే ఇక అంతే. స్టేషనరీ షాపాయన నా చేతులు చూసి నవ్వాడు.

"పిల్లలకా టీచర్? అట్లయితే నీళ్ళ ఇంకు కొండుపొండి. యూనిఫారం మీద పడినా కడిగితే పోతుంది. అమ్మలు మీతో సండకు, కొట్లాటకు రారు."

నీళ్ళ ఇంకుతో నా తల ప్రాణం తోకకొచ్చింది. మా ఊరి ఎండకు కాగితం పరిచేలోపే అది పలక మీద ఎండిపోయేది. ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ, ఇంకులో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే దారికొచ్చింది. ఇక కాగితాలు. చార్ట్ పేపరు నున్నగా జారిపోయింది. న్యూస్‌ప్రింట్ రుద్దగానే చిరిగింది. మామూలు డ్రాయింగ్ కాగితాన్ని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, కొంచెం ఆరనిచ్చి పరిస్తే ఇంకును చక్కగా పట్టుకుంది. వేపాకు వేశాను, మామిడాకు వేశాను. మా వీధిలో మరమగ్గాలన్నీ నేసేది బ్యాండేజీ గుడ్డే కాబట్టి ఒక ముక్క తెచ్చి అదీ వేశాను. ఆ వలనేత కాగితం మీద పడిన తీరు చూశాక నా బుద్ధి బీరువా మీదికి పోయింది.

ఆయన ఆ మగ్గాల్లోనే మేస్త్రీగా చేశారు. ఎప్పుడూ భుజాన ఒక తుండుగుడ్డ. చెమట తుడిచేది దాంతోనే, మెషిన్ ఆయిల్ తుడిచేదీ దాంతోనే. ఉతుకుతానని లాగితే ఇచ్చేవారు కాదు. "టీచరమ్మా, దీన్ని ఎత్తుకుంటే నేను భుజం లేనోని మాదిరి ఉంటాను" అని ఏడిపించేవారు. మాలో ఒక పద్ధతి ఉంది. పదహారో రోజు కార్యం కాగానే పోయినవాళ్ళు కట్టిన బట్టలన్నీ మూటకట్టి చాకలికి ఇచ్చేయాలి, ఇంట్లో ఒక్కటీ ఉండకూడదు. మా అత్తే దగ్గరుండి కొడుకు బట్టలన్నీ మూట కట్టించింది. నేను మాత్రం ఆ తుండును ముందే దాచేశాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీరువా అడుగున నా చీరల కింద పెట్టాను.

అత్త గుడికి వెళ్ళినప్పుడల్లా కవరు విప్పి ముఖం ఆనించేదాన్ని. కొబ్బరినూనె, మెషిన్ ఆయిల్, చెమట. మనిషి అక్కడే ఉన్నట్టు ఉండేది. అత్తకూ నాకూ మధ్య ఆయన మాట రాదు. వస్తే ఒకరు ఏడవాలి, రెండోవాళ్ళు ఓదార్చాలి. ఆ ఓపిక ఇద్దరికీ లేదు. వాసన మాత్రం రోజురోజుకూ తగ్గుతోంది. అది నిలవదని నాకు తెలుసు. ఆ గుడ్డ నేతనైనా కాగితం మీద నిలుపుకోవాలనిపించింది.

ఏ ఇంకుతో వేయాలన్నదే నా బాధ. నూనె ఇంకుతో వేస్తే ప్రతి పోగూ కనబడుతుంది, తుండు మాత్రం పాడైపోతుంది. నీళ్ళ ఇంకుతో వేస్తే అచ్చు కొంచెం ముద్దగా వచ్చినా తుండు నాకు మిగులుతుంది. రెండు రోజులు ఆలోచించి నీళ్ళ ఇంకే తీసుకున్నాను. చాలా తెలివిగా ఆలోచించాననుకున్నాను.

ఒక సెలవు నాడు అత్త సేత్తూరుకు బస్సెక్కగానే ఫ్యాన్ ఆపి కూర్చున్నాను. తుండు ఒక కొసను పలక మీద ఒత్తి, మెల్లగా ఎత్తి, తడి కాగితం పరిచి రుద్దాను. అంత మంచి అచ్చు నేను మళ్ళీ వేయలేదు. పోగులు వచ్చాయి, కొస కుచ్చులు వచ్చాయి, చిరిగిన చోట నేను వేసిన వంకర కుట్టు కూడా వచ్చింది. ఆయన పోయాక మొదటిసారి సంతోషంగా అనిపించింది.

తర్వాత ఇంకు అంటిన కొసను మాత్రమే కుళాయి కింద పెట్టాను. నల్లనీళ్ళు పైకి పాకాయి. పాకుతున్న కొద్దీ కంగారుపడి ఇంకాస్త తడిపాను. చివరికి సగం తుండు నల్లబడేసరికి మొత్తం బకెట్లో ముంచి, సబ్బుపొడి వేసి, పిండేశాను. షాపాయన చెప్పినట్టే చుక్క లేకుండా పోయింది. దండెం మీద వేస్తూ అలవాటుగా ముఖానికి ఆనించుకున్నాను. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. పెరట్లోనే కూలబడి ఏడ్చాను.

అత్త వచ్చేసరికి ముఖం కడుక్కుని వంటింట్లో ఉన్నాను. ఆమె తిన్నగా పెరట్లోకి పోయి, దండెం దగ్గర ఆగిపోయింది.

"ఎందుకు కడిగినావు మా?"

తుండు దాచిన సంగతి ఈమెకెలా తెలుసా అనుకుంటూ పెరట్లోకి వచ్చాను.

"నువ్వు బడికి పోయినాక దినామూ తీసి వాసన చూసుకుంటా ఉంటిని. నీ మడత మాదిరే మళ్ళా మడిచి పెడతా ఉంటిని. నీకు తెలిస్తే బాధపడతావని చెప్పలేదు."

నేను పరుగున లోపలికి పోయి అచ్చు వేసిన కాగితం తెచ్చి చేతికిచ్చాను. "నేత అంతా ఇందులో ఉంది అత్తా, చూడు" అన్నాను. ఆమె కుట్టు మీద ఒకసారి వేలు పెట్టి చూసి, కాగితం నాకు తిరిగి ఇచ్చేసింది. దండెం మీది తడి తుండును రెండు చేతుల్లోకి తీసుకుని ముఖం దాచుకుంది. ఒక కొస వాసన చూసింది, రెండో కొస చూసింది, మధ్యలో మడత విప్పి చూసింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను.

"లేడు మా" అంది.