స్టేడియం బెంచీ మీద వడియాలు

“ఆ చీర నువ్వే జరిపావు.”

“నేనెందుకు జరుపుతా అమ్మమ్మా? మీ వడియాలు ముట్టనే లేదు.”

“మరి గాలి జరిపిందా? నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను.”

“నాకేం తెలుసు? కూర్చోవాలంటే ఆడ స్టేడియం మొత్తం ఖాళీనే కదా.”

ఈ అమ్మాయి దివ్య. ఖమ్మం పిల్ల. కెనడాలో, హాలిఫాక్స్‌లో మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండి చదువుకునేది. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అనుమానం మాత్రం ఎప్పుడూ ఉంది. నాలుగో తరగతితో చదువు మానిపించినా ఆ అనుమానంతోనే సంసారం ఈదుకొచ్చాను.

మా పెరట్లో ఎండ పడదు. వీధి చివర పాడుబడిన స్టేడియంలో చెక్క బెంచీల మీద రోజంతా పడుతుంది. అందుకని పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు అక్కడే పెట్టేదాన్ని. సాయంత్రం వెళ్ళేసరికి బెంచీ చివర ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీ అయ్యేలా చీర పక్కకు జరిగి ఉండేది. వడియం ఒక్కటీ చెదిరేది కాదు. రాళ్ళు మూలల మీదే ఉండేవి.

దివ్య అక్కడ కూర్చునే ఇంటికి ఫోన్ చేసుకునేది. ఇంకెవరిని అనుమానించను?

“ఇంకోసారి జరిగితే రూము ఖాళీ చెయ్యాలి” అన్నాను. ఆ ఏడాది విద్యార్థులు వెల్లువలా వచ్చిపడ్డారు. రూము దొరక్క కొందరు కార్లలో పడుకుంటున్నారని చెప్పుకునేవారు. దివ్య ముఖం పాలిపోయింది.

మా గొడవ విని పక్కింటి ముసలాయన కంచె దగ్గరికి వచ్చాడు. ఆయన యూదుడు, చిన్నప్పుడు ఆ స్టేడియంలో ఆడినవాడు. వేరే క్లబ్బులు తమ పిల్లల్ని చేర్చుకోని రోజుల్లో యూదులే ఒక క్లబ్బు పెట్టి, తలా ఒక చెయ్యి వేసి ఆ స్టేడియం కట్టుకున్నారట. బెంచీల మీద ఎవరి చోటు వాళ్ళదే. రాని వాళ్ళ చోటు కూడా ఖాళీగానే ఉంచేవారట. తర్వాత పిల్లలు పెద్ద ఊళ్ళకు వెళ్ళిపోయి క్లబ్బు మూతపడింది.

ఇదంతా నాకు తెలుగులో చెప్పింది దివ్యే. తప్పించుకోవడానికి తనే కల్పిస్తోందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. వడియాలు పెట్టి, రాళ్ళు పెట్టి, కింది బెంచీ మీద నా పక్కనే కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నాను.

“పోలీసోళ్ళు కూడా ఇట్ల పట్టుకోరు అమ్మమ్మా.”

“నోరు మూసుకుని కూర్చో.”

గాలి లేదు. గ్రౌండులో ఎవరూ లేరు. కాసేపటికి వెనక చెక్క కిర్రుమంది, ఎవరో కూర్చున్నట్టు. ఇద్దరం ఒకేసారి తిరిగాం. చీర జరిగి ఉంది. రాళ్ళు మూలల మీదే ఉన్నాయి. దివ్య చెయ్యి నా చేతిలోనే ఉంది.

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళను నేను నమ్మను.

మర్నాడు పొద్దున నేనే బెంచీ చివర ఒక మనిషి చోటు వదిలి చీర పరిచాను. దివ్య కాలేజీ బస్సుకు వెళ్తూ ఆగి రాళ్ళు అందించింది. వేయించిన వడియాలున్న డబ్బా ఆమె సంచిలో పెట్టి, “అద్దె మాత్రం ఒకటో తారీఖునే ఇవ్వాలి” అన్నాను.