పెంచల్ గీకిన డిస్కు

మా అక్క కామమ్మ పెద్దకొడుకు పెంచల్‌ని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, కడుపూ తరుక్కుపోతుంది. మైపాడు ఒడ్డున ఫైబర్ పడవలు బాగుచేయడం వాడి పని. పాత పూత పూర్తిగా గీకకుండా కొత్తది వేస్తే నిలవదని వాడి పట్టు. ఒకసారి గీకకుండానే పూసిన కూలివాణ్ణి మూతి పగిలేలా కొట్టాడు. పల్లెలో కంప్యూటర్ తెలిసినవాడూ వాడే గనక, మత్స్యకారుల సొసైటీలోని పాత డబ్బా కూడా వాడి చేతికిందే ఉండేది.

మొన్న కార్తీకంలో వలలు కోసేశారని సముద్రం మీద పక్కపల్లె వాళ్లతో కొట్లాట జరిగింది. తెడ్డు దెబ్బకు వాళ్ల మనిషొకడు తల పగిలి చచ్చిపోయాడు. కొట్టింది మా పల్లె పోలేరయ్య. పోలీసులొచ్చేసరికి ఆ దుర్మార్గుడు తన పడవలోనే ఉన్న వినోద్ పేరు చెప్పాడు. వినోద్ పెంచల్‌కు తమ్ముడు. వాణ్ణి చితకబాది సబ్‌జైల్లో వేశారు.

వెనక పడవలో ఉన్న పెంచల్ అదంతా ఫోన్‌లో వీడియో తీసి, సొసైటీ కంప్యూటర్‌లో దాచాడు. తర్వాత ఫోన్ సముద్రంపాలైంది. పోలేరయ్యను నరుకుతానని మా అక్క కత్తి తీస్తే పెంచలే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వీడియో ఉండాది గదమ్మా. తమ్ముడు బయటికొస్తాడు."

దాన్ని పంపమని వకీలిచ్చిన లింకు ఆ ముసలి కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. కొత్త విండోస్ ఎక్కిస్తానని కూర్చున్నాడు పెంచల్.

"ముందు వీడియో ఇంకోచోట దాచుకో అబ్బయ్యా" అన్నాను.

"అది డి డ్రైవులో ఉండాది మామా. నేను తుడిచేది సి ఒక్కటే. నువ్వు గమ్మునుండు."

ఈ కంప్యూటర్ దీనికి పనికిరాదని తెరమీద పడింది. ఆ తనిఖీని తప్పించే దారేదో వెతికి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి డిస్కులో ఎక్కదంది. డబ్బా రేకు సొట్టపోయేలా గుద్దాడు. మళ్లీ అదే మాట.

"పాతది అంటుకొనుంటే కొత్తదెట్టా పడతాది" అని పళ్లు నూరుతూ డి డ్రైవుతో సహా డిస్కులోని భాగాలన్నీ చెరిపేశాడు. పడవ అడుగు గీకినట్టే గీకిపారేశాడు, దరిద్రుడు.

విండోస్ చక్కగా ఎక్కింది. వీడియో లేదు. నెల్లూరులో చూపిస్తే ఇక రాదన్నారు. మా అక్క కట్టెతో వాడి వీపు చీరేసింది. వాడు కదల్లేదు. తర్వాత గీకే ఇనుపబద్ద తీసుకుని పోలేరయ్య దగ్గరికి పోయాడు.

"నువ్వే కొట్టినావని స్టేషన్లో చెప్పు."

"వీడియో యాడుందిరా?" అని నవ్వాడు పోలేరయ్య. వాడి రెండు చేతులూ విరిగేదాకా కొట్టాడు పెంచల్. అయినా వాడు నిజం ఒప్పుకోలేదు. పెంచల్‌ని కూడా అదే సబ్‌జైలుకు పంపారు.

అన్నను చూసి వినోద్ ఎదురొచ్చాడు.

"నువ్వెందుకొచ్చినావన్నా? వీడియో ఎవురు చూపిస్తారు?"

పెంచల్ జరిగింది చెప్పాడు. వినోద్ వాడి గొంతు పట్టుకుని తల గోడకేసి బాదాడు. వార్డర్లు లాఠీలతో కొడుతున్నా వదల్లేదు.

ములాఖత్ రోజు మా అక్క వెళ్లింది. ఏ కొడుకును పిలవాలని గేటు దగ్గర అడిగారట. ఇద్దరిలో ఎవర్నీ చూడకుండానే తిరిగొచ్చేసింది.