హెల్మెట్‌లో నిమ్మకాయలు

కుడి పక్క బద్వేలు లారీ, ఎడమ పక్క ఉదయగిరి బస్సు, మధ్యలో నా స్కూటీ. వెనక ఒకే పక్కకు కాళ్లు వేసి కూర్చున్న మా అవ్వ మోకాళ్లు బస్సు రేకుకు రాసుకుంటున్నాయి.

"ఏందే, నన్ను బస్సుకు అతికించేస్తావా?"

"కాళ్లు దగ్గరికి తీసుకో అవ్వా."

"యాడికి తీసుకునేది, నెత్తి మీదికా?"

ఆత్మకూరు బస్టాండు ముందు అట్లా ఇరుక్కోవడానికి కారణం నిమ్మకాయలు. మర్రిపాడు నుంచి ఆత్మకూరులో బట్టల కొట్టుకు రోజూ స్కూటీ మీదే పనికి పోతాను. ఆ రోజు తన చెల్లెలింటికి నిమ్మకాయలు తీసుకుపోవాలని అవ్వ కూడా ఎక్కింది. దారిలో సంచి తెగితే కాయలన్నీ నా హెల్మెట్‌లో పోసి ఒళ్లో పెట్టుకుంది.

మా దారిలో హెల్మెట్ నెత్తి మీద ఉండేది తక్కువ, బండి అద్దానికి వేలాడేది ఎక్కువ. ముందు పోలీసులుంటే ఎదురొచ్చే బండ్లవాళ్లు అరచేత్తో నెత్తి తట్టి చూపిస్తారు. అప్పుడు పెట్టుకుంటాం. ఆ రోజూ ఒకాయన తట్టాడు. కానీ కాయలు ఎక్కడ పోయను? లారీకీ బస్సుకీ మధ్య దూరితే ఎవరికీ కనబడనని దూరాను.

బస్సు కదిలింది. దాంతోపాటు నా చాటూ పోయింది. ఎదురుగా కానిస్టేబులు.

"దూరేదానికి అది మీ ఇంటి పక్క సందా పాపా? ఆ లారీ జానెడు పక్కకొచ్చుంటే ఏమైపోయేదానివి? హెల్మెట్ ఏది?"

అవ్వ ఒళ్లో ఉన్నది ఎత్తి చూపించింది. "ఇదో, ఉండాది కదయ్యా. కావాలంటే రెండు కాయలు తీసుకో."

ఆయన కాయలు తీసుకోలేదు. ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

ఫైనుకు నేను భయపడలేదు. భయమంతా మెసేజికే. బండి నాయన పేరు మీద ఉంది, ఫైను మెసేజి ఆయన ఫోనుకే పోతుంది. కొనిచ్చిన రోజే చెప్పాడు, "పోలీసోళ్లు ఒక్కసారి ఆపినారంటే తాళం నాకిచ్చెయ్యాల" అని. తాళం పోతే బస్సే గతి. ఆ బస్సు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. రెండు రోజులు ఆలస్యంగా పోతే మా ఓనరు ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాడు.

నాయనకు ఇంగ్లీషు రాదు. మెసేజీలన్నీ నాచేతే చదివిస్తాడు. సాయంత్రం ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఏందో వచ్చిండాది, చూడమ్మా."

"లోను ఇస్తారంట నాయనా."

"మనకెందుకులే, తీసేయ్."

నాతోపాటే తిరిగొచ్చిన అవ్వ నా మొహంలోకి చూసింది. "ఆ ఆ, లోనంట" అని లోపలికి పోయింది. నాయన అంత సులువుగా నమ్మేసరికి మెసేజి తీసెయ్యడానికి నాకు వేలు రాలేదు.

తెల్లారి టీ తాగుతున్న నాయన పక్కన కూర్చుని అదే మెసేజి మళ్లీ చదివాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు. అందులో కానిస్టేబులు తీసిన ఫొటో కూడా తెరిచి చూపించాను. ఆయన గ్లాసు కింద పెట్టి ఫోను దగ్గరికి తీసుకున్నాడు.

"మీ అవ్వ బాగా పడిండాదే" అన్నాడు, నవ్వకుండా.

తాళం ఆయన గ్లాసు పక్కన పెట్టి, క్యారేజీ తీసుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.