మెట్టుగూడ నుంచి కృత్తికల దాకా

నక్షత్రాలు చూడటానికి జనం లదాఖ్ వెళ్తారు. మేము తార్నాక వెళ్లాం. మెట్టుగూడ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను. స్వెట్టర్లు, ఫ్లాస్కులో చాయ్, పులిహోర డబ్బా, కింద పరుచుకోవడానికి ప్లాస్టిక్ పట్టా. ఆ సామాను చూస్తే ఎవరైనా మానససరోవరానికే అనుకుంటారు.

యాత్రకు కారణం మా పక్కింటి యాదగిరన్న. గూడ్సు రైలు నడుపుతాడు. సోమవారం ఆయనకు కంటి పరీక్ష. అందులో తప్పితే ఇంజను దిగి ఏదో ఆఫీసు బల్ల ముందు కూర్చోవాలి. ఆ భయంతో వారం నుంచి అన్నం సహించడం లేదు. డాక్టరు కన్నా ముందు తనను తానే పరీక్షించుకోవడం ఆయన అలవాటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తార్నాక దగ్గరి యూనివర్సిటీ మైదానంలో పడుకుని కృత్తికల గుంపులో చుక్కలు లెక్కపెట్టాడట. ఆరు. ఆ తర్వాత ప్రతి పరీక్షకు ముందూ అక్కడే లెక్క. కొన్నేళ్లకు ఐదయ్యాయి. పోయినసారి నాలుగు. అందుకే ఈసారి సాక్ష్యానికి నన్ను లాక్కెళ్లాడు. నేను అనంతపురంలో మిద్దె మీద పడుకుని పెరిగినవాణ్ణి, వయసు ముప్పై నాలుగు. నా కళ్ల మీద ఆయనకు అపారమైన నమ్మకం.

సాయంత్రం ఆరుంబావుకు మెట్రో ఎక్కాం.

"ఏడికి బిడ్డా, తిరుపతికా?" అంది ఎదురు సీటు పెద్దావిడ, మా సంచులు చూసి.

"తార్నాకకమ్మా" అన్నాను. ఆవిడ నవ్వు ఆగకముందే మేము దిగిపోయాం.

ఆటోలో క్యాంపస్ చేరేసరికి ఆరూ నలభై. చీకటి మూల వెతకడానికి మరో అరగంట. దూరంగా ఏదో ఫంక్షన్ హాలు వాళ్లు ఆకాశంలోకి పెద్ద లైటు తిప్పుతున్నారు, చుక్కలకు దారి తెలియదేమోనని. చివరికి ఒక చెట్టు వెనక పట్టా పరిచాం. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు వెలుగు చూడకూడదు. పంతొమ్మిదో నిమిషంలో వాకింగ్‌కు వచ్చిన ఒక దయామయుడు మా మొహాల మీద ఫోను లైటు కొట్టాడు.

"ఏం పోయింది సార్? తాళంచెవా?"

"నా కండ్లు!" అన్నాడు యాదగిరన్న. ఆయన నిజమే చెప్పాడు. మళ్లీ ఇరవై నిమిషాలు.

ఏడున్నర దాటింది. కృత్తికలు సరిగ్గా నడినెత్తిన ఉన్నాయి. యాదగిరన్న వేలు పైకెత్తి, పెదవులు కదుపుతూ చాలాసేపు లెక్కపెట్టాడు.

"నాలుగే, తమ్మీ. నీకెన్ని?"

నేను కళ్లు చికిలించాను. "మూడన్నా."

కాస్త అవతల టెలిస్కోపు బిగిస్తున్న ఒకావిడను అడిగాం. ముషీరాబాద్‌లో స్కూల్ టీచరట, పేరు సుజాత. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంది, కళ్లు చెదరకుండా.

"గీడికెళ్లి నాలుగే కనవడ్తయ్ సార్. నాకూ నాలుగే. కరెంటు పోతే ఐదు. మీ కండ్లు మంచిగున్నయ్, ఆకాశమే గిట్లయింది" అంది. నా వైపు తిరిగి, "మీరొకసారి డాక్టర్‌కు చూపించుకోండ్రి" అని కలిపింది.

యాదగిరన్న ఆ పట్టా మీదే కూర్చుని పులిహోర డబ్బా మొత్తం తినేశాడు. నాకు ఒక్క మెతుకూ మిగల్లేదు. అయినా ఆయన తింటుంటే చూడటం ఎంతో సంతోషంగా ఉంది.

ఎనిమిదిన్నరకు తిరుగు మెట్రో. పరీక్ష పాసైనవాడు ఈల వేస్తాడనుకున్నాను. ఆయన కిటికీ అద్దానికి తల ఆనించి పైకి చూస్తున్నాడు. హోర్డింగుల వెలుగు తప్ప ఏమీ లేదు.

"నా కండ్లు పోతే అద్దాలు పెట్టుకుందునయ్యా" అన్నాడు నెమ్మదిగా. "గా రెండు చుక్కలకు ఏం పెడ్తం?"

దారి పొడవునా వెటకారాలాడిన నేనూ అద్దానికి తల ఆనించి, ఆ రెంటి కోసం పైకి వెతికాను. అంతలో మెట్టుగూడ వచ్చేసింది.