నడుం కొలత

బట్టలు కుట్టే ఆవిడ ఓ రోజు తన నడుం కొలుచుకుంది. ముప్పై ఎనిమిది అంగుళాలు. వీధిలో అందరి నడుములూ కొలిచే మనిషికి తన నడుం దగ్గరికొచ్చేసరికి తల కొట్టేసినట్టయింది.

రెండు నెలలు నోరు కట్టుకుంది. పిల్లలకు బంగాళాదుంపలు వేయించి పెట్టి, తను ఉడకబెట్టిన క్యారెట్లు నమిలింది. పొద్దున్నే నడకకని బూట్లేసుకుంటే చాలు, కొడుక్కి సాక్సు కనబడదు, కూతురికి లెక్కల పుస్తకం దొరకదు. "నువ్వెళ్లు, నేను చూసుకుంటాగా" అంటూనే మొగుడు దుప్పటి ముసుగు తీయడు. సాయంత్రం కసరత్తు మొదలుపెడితే పిల్లలిద్దరూ ఆమె టేపును చెరో కొసా పట్టుకుని లాక్కుంటారు. అరిచి అరిచి వ్యాయామమంతా గొంతుకే అయ్యేది.

అయినా మళ్లీ కొలిస్తే ముప్పై ఏడొచ్చింది. పడ్డ పాట్లన్నీ మరిచిపోయింది.

టేపు మీద అంకెలు చెరిగిపోయాయని నిన్న కొత్తది కొంది. రెండూ బల్లమీద పక్కపక్కన పరిచి చూస్తే పాతది ఆ కొస నుంచి ఈ కొసకి ఒకటిన్నర అంగుళం సాగి ఉంది. కొలిచేదీ కత్తిరించేదీ దాంతోనే కాబట్టి కుట్టించుకున్నవాళ్లెవరికీ తేడా తెలియలేదు. కొత్తదాంతో నడుం కొలుచుకుంది. ముప్పై ఎనిమిది. రవ్వంత తగ్గితే ఒట్టు.

"పోనీలే, టేపన్నా బాగా కసరత్తు చేసింది" అన్నాడు మొగుడు.

ఆమె అతనివైపు చూడనైనా లేదు. పిల్లలిద్దర్నీ పిలిచి కొత్త టేపు వాళ్ల చేతుల్లో పెట్టింది.

"ఆడుకోండి. గట్టిగా లాగండి."