కడియం నర్సరీలో ఒక డబుల్ క్లిక్

రెండేళ్ళ కిందటి ఎండాకాలం. రాజమండ్రిలో నా కంప్యూటర్ సర్వీసు షాపు అప్పటికే బాగా స్థిరపడింది. ప్రింటర్ మొరాయించిందనీ, ఫోటోలు పోయాయనీ వచ్చేవాళ్ళే ఎక్కువ. ఒకరోజు కడియం నుంచి రాంబాబు అనే నర్సరీ యజమాని ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, మా నాన్నగారు కంప్యూటర్ తెరవకుండా పాస్‌వర్డ్ పెట్టాలండి. ఆయనకి తెలియకుండా జరిగిపోవాలండి."

నాకసలే ముక్కు మీద కోపం. "ఏం చేశారండి మీ నాన్నగారు? బ్యాంకు దోచారా?" అన్నాను.

"మొక్కలు చంపేస్తున్నారండి," అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు.

సంగతి ఇదీ. వాళ్ళకో మిస్ట్ ఛాంబర్ ఉంది. అంటే పాలిథిన్ కప్పిన పెద్ద గది. అందులో వేళ్ళు పోసుకోని కొమ్మ ముక్కలు పెంచుతారు. వేళ్ళు లేవు కాబట్టి అవి నేలలోంచి నీళ్ళు తాగలేవు. ఆకుల మీద మంచులాంటి తుంపర పడుతూ ఉండాలి. ఎన్నింటికి, ఎన్ని సెకన్లు కొట్టాలో కంప్యూటర్‌లో ఒక ఫైల్లో ఉంటుంది. తుంపర మెషిన్‌ని నడిపే ప్రోగ్రామ్ రోజూ తెల్లవారేసరికి కొత్త ఫైలు తయారు చేసి పెడుతుంది. వాళ్ళ నాన్న సత్తిరాజు గారు పొద్దున్నే కూర్చుని, ఆ రోజు ఎండని బట్టి సెకన్లు మారుస్తారు. కొన్నాళ్ళుగా కొన్ని రోజులు తుంపర ఆగిపోతోంది. గమనించేసరికి కొమ్మలు తలలు వాల్చేస్తున్నాయి. మెషిన్ అమ్మిన కంపెనీ మనిషి వచ్చి చూసి, ప్రోగ్రామ్ భేషుగ్గా ఉంది, వాడేవాళ్ళదే తప్పు అని తేల్చేశాడట.

పాస్‌వర్డ్ పెట్టడం నాకెంతసేపు? కాని ఆ నర్సరీ సత్తిరాజు గారు సొంత చేతుల్తో అంట్లు కట్టి పెంచింది. వయసు మీద పడి, పొలంలో తిరగడం తగ్గి, ఆయనకి మిగిలిన పని ఈ పొద్దుటి నీళ్ళ పని ఒక్కటే. అది కూడా తీసేస్తే ఆయన ఇక ఆ తోటలో అతిథి. "ముందు ఆయన పని చేస్తుంటే చూడాలండి. తరవాతే ఏదైనా," అని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. సత్తిరాజు గారు అప్పటికే స్నానం చేసి, తెల్లటి పంచె కట్టుకుని కంప్యూటర్ ముందున్నారు.

"రా అమ్మా, కూర్చో. కాఫీ తాగావా?" అన్నారు.

"తాగానండి. మీ పని మీరు చేసుకోండి, నేను చూస్తుంటాను."

"చూడడానికి ఏముందమ్మా, నాలుగు అంకెలు మార్చడమే కదా," అంటూ ఫైలు మీద డబుల్ క్లిక్ చేశారు. అది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంది. కిటికీలోంచి ఆకాశం కేసి ఒకసారి చూసి, మధ్యాహ్నం సెకన్లు పెంచారు. తడుముకోలేదు, తొందరపడలేదు. సేవ్ చేసి మూసేశారు. నాకు తప్పేమీ కనిపించలేదు.

అయినా ఛాంబర్‌లో తుంపర లేవలేదు. తెర మీద 'స్టాప్డ్' అని ఒక్క మాట.

"చూశారా? ఇదేనండి జరిగేది!" అంటూ రాంబాబు రీసెట్ బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. నేను చటుక్కున ఆపాను. ఆ బటన్ నొక్కితే ప్రోగ్రామ్ పాత ఫైలు చెరిపేసి మళ్ళీ కొత్తది రాస్తుంది. ఇన్నాళ్ళూ వీళ్ళు చేసిందదే. ఇక కంపెనీ మనిషికి తప్పెలా కనిపిస్తుంది? కూలీ ఆడవాళ్ళని పిలిచి, ఈలోపు గొట్టాలతో తడపమని చెప్పి, నేను ఆ ఫైలు తెరిచాను.

మొదటి లైన్లో, అంకెలన్నిటికంటే పైన, ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీ' అని ఉంది.

నేను చూస్తూ కూడా గమనించలేదు! ఆయన అలవాటుగా, అంత సహజంగా కొట్టేశారు. ఆ ప్రోగ్రామ్‌కి మొదటి లైన్లో గంటా నిమిషమూ ఉండాలి. అక్కడ 'శ్రీ' కనిపించగానే దానికి దిక్కు తోచక ఆగిపోతోంది. మరి రోజూ ఎందుకు ఆగదు? ఎండ మామూలుగా ఉన్న రోజున ఆయన ఫైలు చూసి ఊరికే మూసేస్తారు. మార్పు చేసిన రోజునే రాస్తారు, రాసేటప్పుడే శ్రీకారం చుడతారు. అంటే ఎండ మండిపోయి, తుంపర ఎక్కువ కావలసిన రోజునే మెషిన్ ఆగేది!

రాంబాబు నెత్తి పట్టుకున్నాడు. "ఇదేంటండి నాన్నగారూ! అది కంప్యూటర్ అండి, కొత్త ఖాతా పుస్తకం కాదు."

"ఏది రాసినా పైన శ్రీ పెట్టకుండా ఎప్పుడు రాశాన్రా నేను?" అన్నారాయన. తరవాత ఛాంబర్ కేసి చూశారు. ముఖం పాలిపోయింది. "అయితే ఆ కొమ్మలు నా మూలానే పోయాయన్నమాట. వద్దులే అమ్మా. నా చెయ్యి ఊరుకోదు, మళ్ళీ రాసేస్తాను. వాణ్ణే చూసుకోమను," అని కుర్చీలోంచి లేచారు.

నాకు ఒళ్ళు మండింది, రాంబాబు మీదా కాదు, పెద్దాయన మీదా కాదు. ఒక్క మాట దాటి చదవడం చేతకాని ఆ దిక్కుమాలిన ప్రోగ్రామ్ కోసం ఈయన కుర్చీ ఖాళీ చెయ్యాలా? "కూర్చోండి బాబాయ్ గారూ," అన్నాను. "మారాల్సింది మీరు కాదు."

అక్కణ్ణించి నా పని. ఫైల్ మేనేజర్ అంటే మనం ఫోల్డర్లు తెరిచి చూసుకునే చోటు. ప్రతి ఫైలు పేరు చివరా చుక్క తరవాత ఒక తోక ఉంటుంది, దాన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. ఏ తోక మీద డబుల్ క్లిక్ చేస్తే ఏం జరగాలో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. అదే యాక్షన్. చాలామంది అది దేవుడు రాసిన రాత అనుకుంటారు. కాదు, ఒక మామూలు కమాండ్. మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ఇన్నాళ్ళూ అక్కడున్నది 'నోట్‌ప్యాడ్‌లో తెరువు' అని మాత్రమే.

నేను దాని స్థానంలో ఒక చిన్న స్క్రిప్ట్‌ని పిలిచే కమాండ్ పెట్టాను. స్క్రిప్ట్ అంటే వరసగా చెయ్యాల్సిన పనుల చిట్టా. ముందు ఫైలుకి ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. ఆయన సేవ్ చేసి మూసేదాకా ఆగాలి. తరవాత ఆ కాపీలో అంకెతో మొదలయ్యే లైన్లు మాత్రం ఏరి మెషిన్‌కి అందించాలి. కమాండ్‌లో ఫైలు పేరు వచ్చే చోట రెండు పక్కలా కొటేషన్ గుర్తులు మరిచిపోకూడదు. వాళ్ళ ఫోల్డర్ పేరులో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంది. గుర్తులు లేకపోతే కమాండ్ మొదటి మాట దగ్గరే తెగిపోయి, అలాంటి ఫైలే లేదని దబాయిస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు సాధారణంగా బోల్తా పడేది అక్కడే.

"ఇప్పుడు చెయ్యండి బాబాయ్ గారూ, ఎప్పట్లాగే," అన్నాను.

ఆయన డబుల్ క్లిక్ చేశారు. అదే నోట్‌ప్యాడ్, అవే అంకెలు. మౌస్ పట్టుకుని ఆగిపోయారు. "శ్రీ రాయనా, మాననా?"

"రాయండి."

"మరి అది ఎక్కడికి పోతుందమ్మా?"

"ఎక్కడికీ పోదండి. మీ కాపీలో భద్రంగా ఉంటుంది. మెషిన్‌కి నీళ్ళ లెక్క మాత్రమే వెళుతుంది. దానికి అంతకంటే అర్థం కాదు, పాపం."

ఆయన నవ్వి, 'శ్రీ' కొట్టి, సెకన్లు మార్చి మూసేశారు. ఛాంబర్‌లోంచి బుస్సుమని చప్పుడు. తుంపర లేచింది. కూలీ ఆడవాళ్ళు గొట్టాలు వదిలేసి, "తడిపేస్తోందండోయ్!" అంటూ బయటికి పరుగెత్తారు. రాంబాబు తండ్రి కుర్చీ వెనకే నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

బయల్దేరుతుంటే సత్తిరాజు గారు గేటు దాకా వచ్చారు. కొడుకు వినపడనంత దూరంలో ఉన్నాడని చూసుకుని అన్నారు: "నన్ను ఆ కుర్చీలోంచి లేపడానికే నిన్ను పిలిపించాడని నాకు తెలుసమ్మా."

నేను గేటు తియ్యబోతున్నదాన్ని ఆయన వైపు తిరిగాను.

"వాడిది తప్పు కాదులే, కొమ్మలు చస్తుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు? ఆఖరి రోజు కదా అని ఇవాళ పెందలాడే స్నానం చేసి వచ్చి కూర్చున్నాను," అన్నారు.

దారంతా ఆ మాటే. నేను చేసింది పెద్ద విద్యేం కాదు, ఈ పని తెలిసినవాళ్ళెవరైనా చేస్తారు. కాని ముందు రోజు ఫోన్‌లో సరేనని పాస్‌వర్డ్ పెట్టేసి ఉంటే, కొమ్మలూ బతికేవి, రాంబాబూ మెచ్చుకునేవాడు, నేను మంచి పనే చేశాననుకునేదాన్ని. ఆయన మాత్రం మర్నాడు కూడా స్నానం చేసి వచ్చి, తెరుచుకోని కంప్యూటర్ ముందు కూర్చునేవారు. అందుకే ఇప్పుడు ఎవరైనా వచ్చి "మా ఇంట్లో పెద్దాయనకి కంప్యూటర్ అందకుండా చెయ్యండి" అంటే, నేను పాస్‌వర్డ్ గురించి మాట్లాడను. ఆయన కూర్చునే వేళ ఎప్పుడో అడిగి, ఆ వేళకి వెళతాను.